జలచారు

ఈమధ్య మా అన్న నోట్లో నలిగే మాట ఒక్కటే: ఇయర్కై. తమిళంలో ప్రకృతి అని అర్థం. టీ పొడి ఇయర్కై, పళ్ళపొడి ఇయర్కై, ఒంటికి రుద్దుకునే సబ్బు ఇయర్కై. ఒకసారి వేరుశనగ చిక్కీ పొట్లం తెచ్చి అదీ ఇయర్కైయే అన్నాడు. ఆ చిక్కీ ఏ చెట్టుకు కాసిందో చెప్పమన్నాను. నాతో మాట్లాడ్డం దండగన్నట్టు ఒక చూపు చూసి మేడ మెట్లెక్కాడు.

ఆయన ఉద్యోగమంతా ఊరి శివారు ఫ్యాక్టరీల పేట మేట్టుపాళయంలో గడిచింది. అక్కడ ఒక గిడ్డంగిలో రసాయనాల డ్రమ్ములు వచ్చేవీ పోయేవీ చూసుకునే పని. సాయంత్రం ఇంటికొస్తే చొక్కా విప్పి వీధి వరండాలో తగిలించాకే లోపలికి అడుగుపెట్టాలని మా వదిన శాసనం. అంత ఘాటు మోసుకొచ్చేవాడు. అలాంటి మనిషి రిటైరయ్యాడో లేదో, రసాయనం అన్న మాట వింటేనే చెవులు మూసుకోవడం మొదలుపెట్టాడు. మేడ మీద కుండీలు వెలిశాయి, సంచుల్లో మట్టి వచ్చింది, వంకాయ, బెండ, మందారం, కరివేపాకు మొలిచాయి. ఊళ్ళో ఇలా మేడ తోటలు పెంచే పెద్దమనుషుల గుంపు ఒకటుంది. అందులో చేరిన ఏడాదికే మా అన్న వాళ్ళకు గురువైపోయాడు. వాళ్ళకు కషాయాలు కాచడం నేర్పుతాడు. వేపాకు, జిల్లేడాకు, ఉమ్మెత్తాకు, వావిలాకు దంచి, ఆవు పంచితంలో నానబెట్టి, మురగబెట్టి, వడగట్టి పురుగుల మీద చల్లుతారు. ఆ ప్రకృతి సిద్ధమైన కషాయం మురిగేది మేట్టుపాళయం నుంచి తెచ్చుకున్న నీలం ప్లాస్టిక్ డ్రమ్ములో. ఆ డ్రమ్ములో అంతకుముందు ఏముండేదని నేను అడగలేదు.

కొత్తవాళ్ళు ఎవరొచ్చినా మా అన్న చేసే వేడుక ఒకటుంది. చెంచాడు కషాయం తీసి అందరి ముందు నోట్లో పోసుకుంటాడు. కళ్ళు మూసుకుని తల ఆడిస్తాడు. ఇది మందు కాదు, విషం కాదు, చంటిబిడ్డకైనా పోయొచ్చు అంటాడు. వాళ్ళు చప్పట్లు కొడతారు. ఆ తర్వాత ఆయన మొక్కలు చూపించే నెపంతో నీళ్ళ ట్యాంకు వెనక్కి పోయి ఉమ్మేసి వస్తాడు. మేడ మీద గది నాది. నా కిటికీలోంచి ఆ ట్యాంకు వెనక భాగం శుభ్రంగా కనిపిస్తుందని ఆయనకు ఎప్పుడూ తట్టలేదు. నేనూ చెప్పలేదు. ఉచితంగా దొరికే వినోదాన్ని చెడగొట్టుకోవడం ఎందుకు?

పుదుచ్చేరి ఒర్లియంపేటలో గోడకు గోడ ఆనుకుని ఉండే ఇళ్ళలో మాదొకటి. పెరడు చాపంత. ఆ చాపలో సగం బావి. మా సందులో అందరి ఇళ్ళలోనూ ఒకప్పుడు బావులుండేవి. అందరూ పైన రాతిపలకలు వేసి మూసేశారు, కొందరు వాటి మీద బండ్లు నిలుపుకుంటున్నారు. మాది మూతపడకుండా మిగిలిందంటే అది మా అమ్మ వల్ల. అమ్మకు ఎనభై దాటాయి. ఆ బావి నీళ్ళు తప్ప తాగదు. కుళాయి నీళ్ళలో బ్లీచింగు వాసనట. అంగడి నుంచి డబ్బాల్లో వచ్చే కాన్ నీళ్ళు చచ్చిన నీళ్ళట.

ఎన్ని తరాల కిందటో తెలుగు నేల నుంచి వచ్చి బాహూరు వైపు భూములు చేసుకున్న కుటుంబం మాది. తర్వాత ఎప్పుడో మా నాయనమ్మ కాలంలో కాపురం ఈ ఊళ్ళోకి మారింది. వచ్చేటప్పుడు ఆమె బాహూరు చెరువు నుంచి బిందెలో కెండ చేపలు తెచ్చి ఈ బావిలో వదిలిందట. అప్పటి నుంచీ మా ఇంట్లో ఒక ఆనవాయితీ. తెల్లారి మొదటి చేద దించకముందు గుప్పెడు బొరుగులు బావిలో చల్లాలి. చేపలు పైకొచ్చి తింటే ఆ రోజు నీళ్ళు మంచివి, తోడుకోవచ్చు. రాకపోతే చేద ముట్టుకోకూడదు. దీన్ని మా ఇంట్లో ‘మీనును అడిగేది’ అంటారు. పొద్దున్నే అత్త కోడల్ని అడిగే మొదటి మాట మీనును అడిగినావా అని. సోలై నగర్ నుంచి గంప నెత్తిన పెట్టుకుని వచ్చే ఆమె దగ్గర సముద్రపు చేపలు కొని లొట్టలేసుకుంటూ తినే ఇల్లే మాది. బావి చేపను మాత్రం చేప అని కూడా అనం, మీను అంటాం. నేను పుట్టినప్పుడు ఉన్న చేపలకు ఇప్పుడున్నవి మనవలో మునిమనవలో అయివుంటాయి.

ఇక నా సంగతి. పెళ్ళి చేసుకోలేదు, దానికి ఇక్కడ పని లేదు. సర్కారు ఉద్యోగం నన్ను చాలా ఏళ్ళు యానాంలో ఉంచింది. పుదుచ్చేరి ఉద్యోగులకు యానాం బదిలీ అంటే శిక్ష అని లెక్క, కనక బంధువులందరూ జాలిపడ్డారు. నేను గోదావరి ఒడ్డున హాయిగా ఉండి, తెలుగు చదవడం, రాయడం నేర్చుకుని వచ్చాను. మా వాళ్ళు పెళ్ళిళ్ళలో ‘మేము తెలుగోళ్ళం’ అని ఛాతీ విరుచుకుంటారు. ఆ తెలుగులో నాలుగక్షరాలు చదవమంటే నేల చూపులు చూస్తారు. నేను నాలుగు మాటలు తీర్చి మాట్లాడితే ‘యానాం తెలుగు’ అని పకపకా నవ్వుతారు. నెల్లూరు నుంచి శుభలేఖ వచ్చినా, పంచాంగం వచ్చినా, పచ్చడి సీసా వచ్చినా చదివిపెట్టమని నా గదికే రావాలి మళ్ళీ.

అలాగే ఆ సీసా వచ్చింది.

మేడ మీద మందారాలకు తెల్లటి పిండిపురుగు పట్టింది. గురువుగారి కషాయాలన్నీ దాని మీద పోశారు. అది ఆ నీళ్ళతో స్నానం చేసి మరింత తెల్లగా తయారైంది. గుంపులో ఒకాయన నెల్లూరు వైపు చుట్టపుచూపుకు పోయి వస్తూ చిక్కటి నూనె సీసా తెచ్చి మా అన్న చేతిలో పెట్టాడు. వేపనూనె, కానుగనూనె ఇంకేవో ఆకుల సారంతో కలిపి చేసిన పురుగుమందు. పురుగుమందు అనకూడదు లెండి, మా అన్నకు కోపం వస్తుంది. సీసా మీద పచ్చటి ఆకు బొమ్మ, చుట్టూ తెలుగు అక్షరాలు. సీసా పట్టుకుని నా గదికి వచ్చాడు.

“పాపా, ఇది చదువు. మన భాషే కదా,” అన్నాడు. యాభై దాటిన చెల్లెలు ఇప్పటికీ ఆయనకు పాపే.

నేను కళ్ళజోడు పెట్టుకుని, ఆకాశవాణిలో వార్తలు చదివినట్టు చదివాను. మొదట ఆ సరుకుకు తయారీదారులు చేసుకున్న పొగడ్తలు. తర్వాత కింద చిన్న అక్షరాల్లో: జలచరాలకు హానికరం. జలవనరులలో కలవనీయరాదు. అన్న శ్రద్ధగా విన్నాడు. ఇంకోసారి చదవమన్నాడు, చదివాను. అర్థమైందా అని అడిగితే, తెలుగోడికి తెలుగు అర్థం కాదా అని చిరాకుపడి సీసా తీసుకుపోయాడు. నాకు ఇంకేం కావాలి, నా పని అయిపోయింది.

మర్నాడు ఆయన మందారాలకూ వంగ మొక్కలకూ ఆ నూనె కలిపిన నీళ్ళు ఒళ్ళంతా కారేట్టు కొట్టాడు. పంపునూ బకెట్టునూ మేడ మీదే కడిగాడు. సాయంత్రం వాన వచ్చింది. మా మేడ మీద పడిన చుక్క వృథా కాకుండా గొట్టం గుండా బావిలోకి దిగుతుంది. వాన నీళ్ళు దాచుకోవాలని సర్కారు చెప్పిందని అన్నే దగ్గరుండి పెట్టించిన గొట్టం అది. ఆ వాన చూసి చాలా సంతోషపడ్డాడు.

తెల్లారి అమ్మ బొరుగులు చల్లింది. ఏదీ రాలేదు. నిద్రపోతా ఉండాయేమో అని కాసేపు ఆగి మళ్ళీ చల్లింది. అప్పుడు అన్నిటికన్నా పెద్దది మెల్లగా తేలింది. బొరుగుల్ని ముట్టుకోలేదు. మూతి నీళ్ళ పైకి పెట్టి తెరుస్తూ మూస్తూ, పక్కకు ఒరిగి, మళ్ళీ నిలదొక్కుకుని, మళ్ళీ ఒరిగింది. అమ్మ పిలిస్తే నేను కిందికి పరిగెత్తాను. గట్టు పట్టుకుని వంగి చూస్తూ, “దానికి ఊపిరి అందలే” అంది. చేద తిరగేసి గట్టు మీద బోర్లించింది. మధ్యాహ్నానికి బావిలో ఉన్నవన్నీ తేలాయి.

మా అన్న వల కట్టిన కర్రతో వాటిని పైకి తీశాడు. తీసినంతసేపూ బాగానే తీశాడు, ముఖం కూడా చిన్నబుచ్చుకున్నాడు. తర్వాత గాజు జాడీ ఒకటీ బెల్లం పొట్లమూ తెచ్చి బావి దగ్గర కూర్చున్నాడు. మీన్ అమిలం అని ఒకటుంది, చేపల్నీ బెల్లాన్నీ కలిపి మురగబెట్టి మొక్కలకు పోస్తారు, మంచి ఎరువట. చచ్చినవి ఎటూ చచ్చాయి, ఊరికే పోనియ్యడం ఎందుకన్నాడు. ఇంట్లో నోరెత్తని మనిషి మా వదిన. ఆవిడ వచ్చి ఆయన చేతిలోంచి జాడీ లాక్కుని, చేపల్ని తడిగుడ్డలో చుట్టి, గోడ పక్క మట్టిలో పాతిపెట్టింది. అమ్మ అప్పటికి లోపల పడుకుని ఉంది. అదొక్కటే అదృష్టం.

ఆ రోజు నుంచి అమ్మ నీళ్ళు ముట్టలేదు. చేంతాడు చుట్టి కొక్కేనికి తగిలించింది. మీను చెప్పనిదే తాగేది లేదంది. కుళాయి నీళ్ళు కాచి ఇస్తే వాసన చూసి పక్కన పెట్టింది. కాన్ నీళ్ళు ఇస్తే గ్లాసు వైపే చూడలేదు. ఎదురింటి వాళ్ళిచ్చిన మజ్జిగ కాస్త, కొబ్బరిబొండం ఒకటి, అంతే. ఎనభై దాటిన ఒంటికి అది ఏ మూలకు? పెదవులు పగిలాయి. లేచి నిలబడితే తూలుతోంది. డాక్టరు నీళ్ళు బాగా తాగమన్నాడు. ఆ ముక్క చెప్పడానికి ఆయన అంత చదివాడు. నాకు భయం పట్టుకుంది. మొండితనంలో మా అమ్మ సంగతి నాకు తెలుసు, నాకు వచ్చింది ఆమె నుంచే.

మా అన్నకు మాత్రం కారణాలకు కరువు రాలేదు. చేపలకు వయసైపోయిందన్నాడు. అన్నీ ఒకే పూట ముసలివయ్యాయా అంటే, ఎండ అన్నాడు. వాన పడిన మర్నాడు ఎండేమిటంటే, పక్కింటి సెప్టిక్ ట్యాంకు అన్నాడు. సందులో బ్లీచింగు పౌడరు చల్లారు, అది గాలికి వచ్చి పడిందన్నాడు. బ్లీచింగు రసాయనం కనక ఆ కారణం ఆయనకు బాగా నచ్చింది, గుంపులో కూడా చెప్పుకున్నాడు. వాళ్ళంతా సంతాపాలు పంపారు. రసాయనాల యుగం మూగజీవాల్ని బలిగొంటోందని ఒకాయన పద్యంలాంటిది కూడా రాశాడు. మా అన్న దాన్ని నాకు చూపించాడు, కళ్ళలో నీళ్ళతో.

తర్వాత అమ్మ మధ్యాహ్నం కునుకు తీస్తుండగా రంగు చేపలు అమ్మే అంగడికి పోయి సంచీలో చేపలు తెచ్చాడు. కెండ చేప దొరకలేదట. అంగడివాడు నారింజ రంగువి చూపించి, ఇవీ ఆ జాతే, సీమ నుంచి వచ్చిన చుట్టాలు అని అంటగట్టాడు. తెల్లారి అమ్మ ఆశ చంపుకోలేక బొరుగులు చల్లింది. నారింజ రంగు చేపలు మూగాయి. అమ్మ చాలాసేపు చూసింది.

“మన మీనుకు కుంకం పూసింది యెవుర్రా?” అంది.

చేపలు చచ్చాక అమ్మ ముఖంలో నవ్వులాంటిది నేను మొదటిసారి చూశాను. కొత్త మీనుకు ఈ నీళ్ళు అలవాటు కావాల, నాలుగు పొద్దులు చూసి తాగతా అంది. నేను మొక్కని దేవుడు లేడు. కానీ మా అన్న పిండిపురుగు ఊరుకోలేదు, ఆయనా ఊరుకోలేదు. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ కడిగాడు. నారింజ చేపలూ తేలాయి. అవి ఇంజెక్షన్లు వేసి పెంచిన చేపలని, అంగడివాడు మోసం చేశాడని తిట్టుకుంటూ వలకర్ర తెచ్చాడు.

ఆ పూట నేను బావి మీదికి వంగి ముక్కు పెట్టాను. వేపనూనె వాసన. నీళ్ళ మీద పొర, ఎండ పడితే రంగులు తిరుగుతోంది. గొట్టం దిగే చోట రాయి మీద పసుపుపచ్చటి జిడ్డు చార. మెట్లెక్కి పైకి పోయాను. మా అన్న పాట పాడుకుంటూ పంపు కడుగుతున్నాడు.

“ఈ నీళ్ళు యాడికి పోతాయి?” అని అడిగాను. నాకు కోపం వస్తే నా యానాం తెలుగు ఎగిరిపోతుంది.

“బాయికి. ఇంకెక్కడికి పోతాయి? చుక్క కూడా వేస్టు కాదు,” అన్నాడు గర్వంగా.

సీసా మీద రాసింది నేను చదివి వినిపించాను కదా అన్నాను. అవును, విన్నాను, అట్లనే చేశాను అన్నాడు. నాకు అర్థం కాలేదు. ఏం విన్నావో చెప్పమన్నాను. అప్పుడు చెప్పాడు మహానుభావుడు.

“జలచారు అన్నావే. నీళ్ళచారు మాదిరి పల్చగా కలపమని. కింద కూడా జలం, కలవ అని ఏందో ఉండాది. నీళ్ళల్లో కలపమనే కదా? హానికరం అంటే పురుగుకు. అది లేకుంటే నేను దాన్ని తెచ్చేదెందుకు?”

నేను మందార కుండీ గట్టు మీద కూలబడ్డాను. జలచరాలు. నేను పుట్టిన దగ్గర్నుంచి మా ఇంట్లో ఆ మాట ఎవరూ అనలేదు. చారు మాత్రం రోజూ తాగుతాం. ఆయన చెవి తనకు తెలిసిన మాటను పట్టుకుంది. చంపవద్దని రాసిన వాక్యాన్ని కలిపే పద్ధతిగా విని, చెప్పినట్టే పల్చగా కలిపి, మా అమ్మ బావిలోకి పంపాడు.

ఆ సీసా మీద అది రాసిన పండితుడెవరో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. చేపలు చస్తాయి అని రాయడానికి ఆయన చెయ్యి ఎందుకు రాలేదో ఒక్కసారి అడగాలనుంది. చేప అంటే పరువు తక్కువా? బావిలో పొయ్యొద్దు అంటే ఉద్యోగం ఊడుతుందా? జలచరాలట, జలవనరులట, కలవనీయరాదట. మామూలు మాటకు భయపడి పెద్ద పదాల వెనక దాక్కున్నట్టుంది. ఇక మా వాళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు. మన భాష, మన భాష అని గుండెలు బాదుకునే జాతి, సీసా మీద మన భాష కనిపించగానే లోపల ఉన్నది అమృతమనుకుంది.

దాని అర్థం ఏమిటో మా అన్నకు మా ఇంటి తెలుగులో చెప్పాను. నీళ్ళలో బతికేదాన్ని ఇది చంపుతుంది, బాయిలో పొయ్యొద్దు అని దాని అర్థం. ఆయన ముఖం ఒక్క క్షణం మారింది. ఆ క్షణంలో ఊరుకుని ఉంటే నేను ఈ కథ చెప్పేదాన్ని కాదు. కానీ వెంటనే గురువుగారు మేలుకున్నారు. వేప అమ్మోరి చెట్టు, అమ్మోరు పోసినప్పుడు పడక మీద పరిచే ఆకు, పొద్దున పళ్ళు తోముకునే పుల్ల, అది చేపను చంపడమేమిటన్నాడు. ఉమ్మెత్తపువ్వు శివుడికి పెడతాం, రెండు కాయలు తిని చూపించమన్నాను. రసాయనాలకే మంచిచెడ్డలు తెలియవని, ఇయర్కైకి తెలుసని, అది పురుగును చూసి పురుగునే చంపుతుందని అన్నాడు. చెట్టు కాచిన నూనె మనుషుల్ని చూసి దండం పెడుతుందని కూడా అంటాడేమో అని ఎదురుచూశాను. యానాం దగ్గర చేపల చెరువుల వాళ్ళ సంగతి చెప్పాను. కొత్త పిల్లల్ని వదిలే ముందు, పాత చేపలు మిగలకుండా చెరువులో ఇప్పచెక్క, అంటే ఇప్పగింజల్లో నూనె తీశాక మిగిలిన పిప్పి, చల్లుతారు. ఇప్ప కూడా చెట్టే. అన్నీ తెల్లగా తేలడం నేను గట్టు మీద నిలబడి చూశాను. చెరువు పక్క తోటలో వేపనూనె కొట్టాలన్నా గాలి ఎటు వీస్తోందో చూసుకునేవాళ్ళు. చేప ఊపిరి తీసుకునేది మొప్పలతో, జిడ్డు పట్టిన మొప్ప పనిచెయ్యదు, అమ్మ చూసింది అదే.

అంతా విని, అది ఆంధ్రా ఇప్ప, మనది వేరే అన్నాడు. గొట్టం తిప్పెయ్యమంటే ఆదివారం అయిపోనీ అన్నాడు. ఆదివారం గుంపు వాళ్ళంతా తోట చూడ్డానికి వస్తున్నారు. ఆలోపు ఒక్క పిండిపురుగు కూడా కనిపించకూడదు.

కిందికి వచ్చి అమ్మకు అంతా చెప్పాను. బావి గట్టుకు ఆనుకుని కూర్చుని వింది. ఏడుస్తుందని ఎదురుచూశాను, తిడుతుందని ఎదురుచూశాను. ఆమె అడిగింది ఒక్కటే.

“వాడికి తెలుసా?”

చెప్పినా ఒప్పుకోవడం లేదు, అందులో ఏమీ లేదంటున్నాడు అన్నాను. అమ్మ నీళ్ళ వైపు చూసి, సరే అడగతా అంది. ఆదివారం దాకా పెదవుల మీద తడిగుడ్డ అద్దుకుంటూ పడుకుంది.

ఆదివారం గుంపు దిగింది. టోపీలు, గుడ్డసంచులు, ఫోన్లు. మేడంతా తిరిగి వంకాయతో ఫోటో దిగారు. మా అన్న చెంచా వేడుక చేశాడు, కళ్ళు మూశాడు, తల ఆడించాడు, ట్యాంకు వెనక్కి పోయి వచ్చాడు. నేను కిటికీలోంచి చూసి, ఈసారి మరీ దూరంగా ఉమ్మాడని గమనించాను. తర్వాత అందరూ పెరట్లోకి దిగారు. వదిన శనగల సుండల్, కాఫీ ఇచ్చింది, కాన్ నీళ్ళు గ్లాసుల్లో పోసింది. బావిలో చేపలు లేవేమని ఎవరో అడిగారు. బ్లీచింగు, రసాయనం అని మా అన్న మొదలుపెట్టాడు.

అమ్మ గోడ పట్టుకుని లేచింది. కొక్కేనికి ఉన్న చేంతాడు తీసింది. నేను సాయం పోబోతే చేత్తో ఆపింది. చేద దించి, గిలక కిర్రుమంటుంటే, ఆగి ఆగి పైకి లాగింది. చేపలు చచ్చాక ఆ బావిలో పడ్డ మొదటి చేద అది. ఇత్తడి చెంబు ముంచి, నిండుగా పట్టుకుని కొడుకును పిలిచింది.

“అబ్బయా, ఇట్ల రా.”

ఆయన నవ్వుతూ వచ్చాడు. వచ్చినవాళ్ళకు మా ఇంటి ఆనవాయితీ గురించి తమిళంలో గొప్పగా చెప్పడం కూడా మొదలుపెట్టాడు. అమ్మ ఆయన మాట పూర్తి కానివ్వలేదు.

“మీనును అడిగి తాగేది మన ఇంటి వాడుక. ఇప్పుడు మీను లేదు. అందుకే నిన్ను అడగతా ఉండా. నువ్వు తాగు, చూసి నేను తాగతా.”

చెంబు ఆయన చేతికిచ్చింది. కొంచెం నీళ్ళు ఆయన వేళ్ళ మీద ఒలికాయి. మా అన్న అందరి వైపూ చూశాడు. అందరూ ముచ్చటగా చూస్తున్నారు, ఒకాయన ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు. ఇంట్లో అలవాటు ప్రకారం తల వెనక్కి వంచి చెంబు నోటి పైకెత్తాడు. ఆ నీళ్ళ వాసన ఆయనకు అప్పుడు తగిలి ఉండాలి. చెంబు అక్కడే ఆగింది. కళ్ళు అటూ ఇటూ తిరిగాయి. పెరట్లో వెనక్కి పోవడానికి ట్యాంకు లేదు. నేను పళ్ళు బిగబట్టుకుని, ఇన్నాళ్ళు దాచుకున్న నవ్వుకు సిద్ధంగా నిలబడ్డాను.

ఆయన చెంబు కిందికి దించాడు.

“కాన్ నీళ్ళు ఉండాయి కదమా. అవి తాగు,” అన్నాడు నెమ్మదిగా.

అమ్మ కొడుకు ముఖంలోకి చూసింది.

“అట్లయితే నీకు తెలుసు,” అంది.

ఫోన్ ఎత్తినాయన దాన్ని జేబులో పెట్టుకున్నాడు. నాకు నవ్వు రాలేదు. అమ్మ ఆయన చేతిలోంచి చెంబు తీసుకుని, ఆ నీళ్ళు పక్కనున్న కరివేపాకు కుండీలో పోసింది. చెట్టుకు మంచిదే కదా అంది, గొంతులో కోపం కూడా లేకుండా. తర్వాత గట్టు మీద కూర్చుని కోడలి వైపు చెయ్యి చాపింది. వదిన కాన్ నీళ్ళ గ్లాసు అందించింది. చచ్చిన నీళ్ళని ఏనాడూ పెదవికి తాకనియ్యని మనిషి, ఆ గ్లాసు ఎత్తిన చెయ్యి దించకుండా తాగింది. తాగి, ఇంకో గ్లాసు అడిగింది.